మంగళవారం పేపరులో చాటికోన సంత ధరలు వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది ఒడిశాలోని రాయగడ. మా మావగారి నాన్నగారు పార్వతీపురం నుంచి వచ్చి ఇక్కడ కిరాణా కొట్టు పెట్టారు, ఇప్పుడు ఆ కొట్టు మా ఆయనా నేనూ చూసుకుంటున్నాం. ఇంట్లో తెలుగు, బేరంలో ఒడియా, సంతకి వెళ్తే కొండ మీది కోందుల భాష కువి నాలుగు ముక్కలు, ఇలా గడుస్తుంది మాకు. పేపరు మాత్రం మొదటి నుంచీ తెలుగుదే. పండగలు వస్తే మీ పేపరు నిండా డిస్కౌంట్ల ప్రకటనలే ఉంటాయి, ఏది ఎక్కడ ఎంత తక్కువకి దొరుకుతుందో అన్నీ రాస్తారు. ఆ తగ్గింది ఎవరి చేతిలోంచి తగ్గిందో మాత్రం ఎక్కడా కనపడదు. దాని గురించే ఈ ఉత్తరం. పొడుగైంది, ఏమీ అనుకోకుండా వీలైనంత వరకు కత్తిరించకుండా వేయండి.

బిస్సంకటక్ దగ్గర చాటికోనలో బుధవారం సంత. నియమగిరి కొండల మీది డొంగరియా కోందులు పసుపు, అల్లం, అనాసపండ్లు, చింతపండు తెచ్చి అమ్ముకునేది అక్కడే. సంత చూడాలని కెమెరాలు పట్టుకుని చాలామంది వస్తారు గానీ వాళ్లు వచ్చేసరికే అసలు వ్యాపారం అయిపోయి ఉంటుంది. అది జరిగేది తెల్లవారుజామున, కొండ దిగే బాట దగ్గర. ఈ మాఘమాసంలో నేను కళ్లారా చూసింది చెబుతాను. ఒకావిడ, నా వయసే ఉంటుంది, ముక్కుకి మూడు పోగులు, జుట్టు నిండా క్లిప్పులు, నెత్తి మీద పసుపు కొమ్ముల బుట్టతో దిగుతోంది. ఒక కుర్రాడు ఎదురెళ్లి, మాటా పలుకూ లేకుండా బుట్ట మీద చెయ్యేసి కిందికి దించేశాడు. ఇంకొకడు చేతి తక్కెడ ఎత్తాడు, ముల్లు నిలబడక ముందే దించేశాడు, ఎత్తిన ఆ కాస్సేపూ వాడి చిటికెన వేలు తక్కెడ దండె మీద ఆనే ఉంది. ఎంత తూగిందో వాడు చెప్పిందే లెక్క, చేతిలో ఎంత పెడితే అదే ధర. ఆవిడ ఆ నోట్లు లెక్కపెట్టుకోలేదు, గుప్పెట్లో ముడుచుకుని కాసేపు అలాగే నిలబడి సంతలోకి వెళ్లిపోయింది. ఉప్పూ ఎండుచేపలూ కొనుక్కోవాలి కదా మరి.

అదే రోజు పదకొండు గంటలప్పుడు రాయగడలో మజ్జిగౌరమ్మ దర్శనం చేసుకుని ఇటు వచ్చిన ఒక కుటుంబం కనిపించింది, మన విజయనగరం వైపు వాళ్లే, మాట వింటే తెలిసిపోతుంది. కాప్డాగండా శాలువా బేరం ఆడుతున్నారు. ఆ శాలువా డొంగరియా ఆడపిల్లలు చేత్తో కుట్టేది, తెల్లని ముతక గుడ్డ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో, వరసలు వరసలుగా, కొండల గుర్తుగా త్రికోణాలు. పొలం పనీ ఇంటి పనీ అయ్యాక కూర్చుని కుడితే నెలలు పడుతుంది. అన్నకో తమ్ముడికో, మనసిచ్చిన వాడికో ఇచ్చుకోవడానికి కుట్టుకునేవాళ్లు, ఇప్పుడిప్పుడే అమ్మకానికి తెస్తున్నారు, 2024 జనవరిలో దానికి జీఐ, అంటే ఫలానా చోటి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, కూడా వచ్చింది. "మిషను మీద కుట్టింది ఇందులో సగానికి దొరుకుతుందమ్మా" అని చెప్పి చెప్పి, వెళ్లిపోతున్నట్టు రెండుసార్లు నటించి, చివరికి చాలా తక్కువకి తీసుకున్నారు. కారెక్కుతూ ఆ ఇల్లాలు భర్తతో "బేరం భలే కుదిరిందండీ" అంటోంది. ఆవిడ మంచిమనిషే అయి ఉంటుంది, అందులో నాకేం అనుమానం లేదు. పొద్దున బాట దగ్గర బుట్ట దింపినవాడికీ ఆవిడకీ పోలికేంటి అని మీరు అడగొచ్చు. అమ్మే మనిషికి వెనక్కి తీసుకెళ్లే ఓపిక లేదని ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ దాని మీదే బేరం ఆడారు.

ఇంత రాస్తున్నాను కాబట్టి మా ఇంటి సంగతి కూడా చెప్పాలి, చెప్పకపోతే ఈ ఉత్తరానికి విలువ లేదు. మావగారు చనిపోయిన ఏడాది కొట్టు అటక శుభ్రం చేస్తుంటే గోనెసంచిలో రెండు కిలో రాళ్లు దొరికాయి. చూడ్డానికి రెండూ ఒకటే. ఇనప రాయికి అడుగున తూనికల శాఖ వాళ్లు ముద్ర వేసే సీసం గుంట ఉంటుంది, ఒకదానికి ఆ గుంట లోతుగా తవ్వి ఇంకాస్త సీసం పోసి ఉంది. ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి చూస్తే కిలో 80 గ్రాములు. అంటే ఆ రాయితో ఒక క్వింటాలు పసుపు కొంటే ఎనిమిది కిలోలు ఊరికే వచ్చినట్టు. అది ఏ తరం నాటిదో, ఎన్నేళ్లు వాడారో మాకు తెలియదు. మా ఆయన ఆ రాయి చేత్తో పట్టుకుని అరుగు మీద చాలాసేపు కూర్చున్నారు. మా పిల్లల ఫీజులు, ఈ డాబా, నా మెడలో గొలుసు, వీటిలో ఆ ఎనిమిదేసి కిలోలు ఎన్ని ఉన్నాయో అని ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి కొట్టులో పద్ధతి మార్చుకున్నాం. కాటా అంకెలు అమ్మేవాళ్ల వైపు తిరిగి ఉంటాయి. అంకెలు చదవడం రానివాళ్లు చాలామందే, వాళ్ల కోసం కాటా పక్కన ఒక లీటరు నీళ్ల సీసా పెట్టాం. లీటరు నీళ్లు కిలో తూగుతాయి, సీసా బరువుతో కలిపి ఇంకో పాతిక గ్రాములేమో ఎక్కువ. ముందు సీసా పెట్టి చూపిస్తాం, తర్వాత సరుకు తూస్తాం. ఇప్పుడు కొందరు ఆడవాళ్లు వాళ్ల సీసా వాళ్లే తెచ్చుకుంటున్నారు, మా సీసా కూడా నమ్మరన్నమాట, నాకైతే అది చూస్తే చాలా సంతోషంగా ఉంటుంది.

తూకం సరిచేశాం, కిలోకి పది రూపాయలు ఎక్కువ కూడా ఇస్తున్నాం, ఇంక అందరూ మా దగ్గరికే వస్తారు అనుకున్నాం. రాలేదు. మొదటి ఏడాది వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎందుకు రావట్లేదో తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఆషాఢ శ్రావణాల్లో కొండ మీద ఇళ్లలో గింజ ఉండదు, ఆ రెండు నెలలూ బియ్యం ఇచ్చేది, జ్వరం వస్తే ఆటో మాట్లాడి ఆసుపత్రికి పంపేది, పెళ్లికి చేబదులు ఇచ్చేది ఆ చిటికెన వేలు పెట్టే షావుకారే. పంట ఇంకా భూమిలో ఉండగానే దాని మీద డబ్బు ఇచ్చేస్తాడు, ఇక ఆ పంట అతనిదే, ధర అతనిదే. మా పది రూపాయలు మాఘంలో వస్తాయి, వాళ్లకి ఆకలి ఆషాఢంలో వేస్తుంది. ఈ ఏజెన్సీలో ఒకప్పుడు గోతీ అని ఉండేది, తీసుకున్న అప్పుకి మనిషే షావుకారు ఇంట చాకిరీకి ఉండిపోవడం. దాన్ని ఒడిశా 1948లోనే నిషేధించింది, దేశమంతటికీ వెట్టి నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. ఇప్పుడు మనిషి కట్టుబడి లేడు, మనిషి పండించే పసుపు కట్టుబడి ఉంది.

అందుకని మేం కూడా ఆషాఢంలో చిన్న చిన్న మొత్తాలు ఇవ్వడం మొదలుపెట్టాం. వడ్డీ లేదు, పసుపు మాకే అమ్మాలన్న షరతు లేదు, ఎక్కడ ఎక్కువ వస్తే అక్కడ అమ్ముకుని డబ్బు తిరిగివ్వండి అన్నాం. బజార్లో మమ్మల్ని పిచ్చివాళ్లని అన్నారు. ఇద్దరు తిరిగి ఇవ్వలేదు, అది నిజమే, మిగతా వాళ్లంతా ఇచ్చారు, చాలామంది పసుపు కూడా మాకే తెచ్చారు. లాభం తగ్గిందా అంటే కిలో మీద తగ్గింది, సరుకు మంచిది రావడం వల్ల మొత్తం మీద పెద్దగా తగ్గలేదు. నేను ఇది దానం అనుకోవట్లేదు. వాళ్లను పాపం అనడం కూడా నాకు ఇష్టం ఉండదు, 2013లో సుప్రీంకోర్టు తీర్పు మీద పన్నెండు గ్రామసభలు పెట్టి నియమగిరి మీద బాక్సైట్ గని మాకొద్దు అని పన్నెండింటిలోనూ ఒకే మాట చెప్పినవాళ్లు వాళ్లు. నిండు తూకం, వేళకి డబ్బు, ఈ రెండూ ఉంటే వాళ్ల బేరం వాళ్లు ఆడుకోగలరు.

ఇప్పుడు కొనేవాళ్ల సంగతి. మా కొట్టుకొచ్చి "మీ పసుపు రంగు తక్కువగా ఉందేంటండీ, పక్క కొట్లో భలే పచ్చగా ఉంది, రేటూ తక్కువే" అనేవాళ్లు రోజుకి ఇద్దరైనా ఉంటారు. వాళ్లకి నేను చెప్పేది ఒకటే, అయిదు కిలోల పచ్చి పసుపు ఉడకబెట్టి, రోజుల తరబడి ఎండబెట్టి, రాపాడిస్తే కిలో కొమ్ములు వస్తాయి, ఆ ఖర్చు కంటే తక్కువకి ఎవరైనా ఇస్తున్నారంటే ఎక్కడో ఎవరో నష్టపోతూ ఉండాలి, అది పండించినవాళ్లయినా కావచ్చు, తినే మీరైనా కావచ్చు. బంగ్లాదేశ్‌లో జరిగింది చూడండి. 1980ల్లో వరదలొచ్చి పసుపు తడిసి రంగు మాసిపోయింది, కొనేవాళ్లకి పచ్చగా ఉంటేనే నచ్చుతుందని వ్యాపారులు లెడ్ క్రోమేట్ కలపడం నేర్చుకున్నారు, అది పెయింట్లలో వాడే రంగు, అందులో సీసం ఉంటుంది, సీసం పిల్లల మెదడుకి విషం. వరద పోయింది గానీ ఆ అలవాటు పోలేదు, దశాబ్దాలు నడిచింది. 2019లో పరిశోధకులు బయటపెట్టాక అక్కడి ప్రభుత్వం గట్టిగా దిగి రెండేళ్లలో దాదాపు లేకుండా చేసింది. కలిపింది వ్యాపారులే, తప్పు వాళ్లదే. కానీ కళ్లకి పచ్చగా కనిపించే దాన్నే ఏరుకుని కొన్న చేతులు కూడా అందులో ఉన్నాయి కదా. కొందరు మంచి మనసుతోనే "ఆర్గానిక్ అని స్టిక్కరు వేయండమ్మా, ఎక్కువ ఇచ్చి కొంటాం" అంటారు. మా దగ్గర సర్టిఫికెట్ లేదు, అందుకని వేయం. ఏ ఊరి సరుకో, ఎంతకి కొన్నామో మాత్రం అడిగినవాళ్లకి చీటీ తీసి చూపిస్తాం.

రోజు కూలి మీద బతుకుతూ యాభై గ్రాముల పొట్లం కొనుక్కునే మనిషిని ఎక్కువ పెట్టి కొనమని నేను అడగను, అడగకూడదు కూడా. నేను అడిగేది పెళ్లికి లక్షలు పోసి విశాఖ వెళ్లి బట్టలు కొనే మనలాంటి కుటుంబాలను. కోరాపుట్ జిల్లాలో కోట్‌పాడ్ అని ఉంది, జయపురానికి దగ్గరే. ఆల్ చెట్టు వేరు పట్ట నుంచి తీసిన ఎరుపూ గోధుమ రంగులతో అక్కడ మిర్గాన్ నేతగాళ్లు నేసే బట్టకి 2005లోనే జీఐ వచ్చింది, ఒడిశాలో మొదటిది అదే, అక్కడి గోవర్ధన్ పానికా గారికి 2018లో పద్మశ్రీ ఇచ్చారు. మన రాయగడ తెలుగువాళ్ల పెళ్లిళ్లలో ఆ చీర ఎన్ని చోట్ల చూశారు? నేను ఒక్కచోటే చూశాను. ఇక అటు చూస్తే పొందూరు ఖాదీ, వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి నూలు తీసే చోటు ప్రపంచంలో ఇంకెక్కడుందో నాకైతే తెలియదు, మనకి దగ్గర్లోని శ్రీకాకుళం జిల్లాలోదే, పెళ్లికొడుక్కి పంచె తీసుకుందామని గుర్తుకైనా రాదు మనకి.

మా అమ్మాయి పెళ్లి అప్పుడు మేం చేసింది ఒకటి చెప్తాను. భోజనాలకి అడ్డాకు విస్తళ్లు కావాలన్నాను. క్యాటరింగ్ ఆయన పేపరు ప్లేట్లు తెస్తానన్నాడు, ప్లాస్టిక్ పళ్లాలు 2022 జులై 1 నుంచి నిషేధం కదా, పేపరైతే పరవాలేదని ఆయన ఉద్దేశం, వాటిలో చాలావాటికీ లోపల సన్నగా ప్లాస్టిక్ పొర ఉంటుందని చాలామందికి తెలియదు. మునిగుడ వైపు ఒక ఊళ్లో ఆడవాళ్లు విస్తళ్లు కుడతారని తెలిసి నేనూ మా ఆడపడుచూ వెళ్లాం. ఆకులు అడవిలోంచి తెచ్చి, మడతలు పడకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి, రాయి బరువు పెట్టి ఆరబెడతారు, తర్వాత సన్నగా చీల్చిన వెదురు పుల్లలతో కుడతారు. ఒకావిడ చంటిపిల్లని ఒళ్లో వేసుకుని కుడుతోంది, పుల్ల గుచ్చడం, విరవడం, ఆకు తిప్పడం, చెయ్యి ఎక్కడా ఆగదు. 1500 కావాలన్నాం. వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు, రేటు సంగతి ఎత్తనే లేదు, "ముందు ఎంత ఇస్తారు" అని అడిగారు. నెలన్నర ముందే సగం డబ్బు ఇచ్చాం. తర్వాత తెలిసింది, ఆ డబ్బుతో వాళ్లు పాత షావుకారు దగ్గర అప్పు తీర్చేసుకుని మిగతా ఆకు సొంతంగా పార్వతీపురం తీసుకెళ్లి అమ్ముకున్నారట. మేం వాళ్లకి ఇచ్చింది మొత్తం కలిపి పెళ్లి వేదిక మీద పూల డెకరేషన్‌కి పెట్టిన దాంట్లో పదో వంతు కూడా కాదు. పెళ్లికొచ్చిన పెద్దవాళ్లు విస్తరి ముందు కూర్చుని "ఎన్నాళ్లయిందమ్మా అడ్డాకు వాసన చూసి" అన్నారు.

వ్యాపారం అంటే మోసం లేకుండా కుదరదు అనేవాళ్లకి మా ఆయన ఒక సంగతి చెబుతుంటారు. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ అనే ఊళ్లో 28 మంది కలిసి, అందులో నేతపనివాళ్లు కూడా ఉన్నారు, తలా ఇంత వేసుకుని చిన్న కొట్టు తెరిచారు. పిండి, వెన్న, పంచదార, కొవ్వొత్తులు, దాదాపు అంతే సరుకు. అప్పట్లో కొట్లలో కల్తీ, తప్పుడు తూకం మామూలు. వీళ్లు కల్తీ లేని సరుకు, నిండు తూకం అన్నారు, లాభం కొన్నవాళ్లకే పంచారు. ప్రపంచంలో చాలా సహకార సంఘాలు వాళ్ల దారిలో వచ్చినవే. మనకీ దగ్గర్లోనే విశాఖలో 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు, షావుకార్ల చేతుల్లోంచి గిరిజనుల్ని తప్పించడానికే. ఆ సంస్థలు అన్నీ బాగా నడిచాయని నేను అనను, డిపో తెరిచి ఉండదు, ఉన్నా డబ్బు తర్వాత రమ్మంటారు, అలాంటివి చాలా విన్నాను. కానీ చోళ్ల (రాగుల) విషయంలో మా కళ్ల ముందే మార్పు వచ్చింది. 2017లో ఒడిశాలో మిల్లెట్ మిషన్ మొదలయ్యాక ప్రభుత్వం మద్దతు ధరకి చోళ్లు కొంటోంది, 2025-26కి క్వింటాలు 4,886 రూపాయలు. ఆ అంకె ఇప్పుడు కొండ మీద పిల్లవాడికి కూడా తెలుసు. ఏ షావుకారూ చోళ్లు పదికీ పదిహేనుకీ అడగలేడు, అడిగితే నవ్వుతారు.

పసుపుకి అలాంటి మద్దతు ధర లేదు. 2025 సంక్రాంతి నాడు నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది, మంచిదే, దాని ఫలం నియమగిరి దాకా ఎప్పుడు వస్తుందో చూడాలి. ఈలోగా మీరు చేయగలిగింది ఒకటి ఉంది, అందుకే మీకు రాస్తున్నాను.

మీ పేపరులో మార్కెట్ ధరలు వేస్తారు. నిజామాబాద్ పసుపు, దుగ్గిరాల పసుపు, గుంటూరు మిర్చి ఉంటాయి. రాయగడ, గుణుపురం, పార్వతీపురం, చాటికోన ఉండవు. సరిహద్దు ఎడిషన్‌లో ఒక మూల చిన్న పెట్టె కట్టి, పసుపు కొమ్ములు, పిక్క తీసిన చింతపండు, పిక్కతో చింతపండు, కొండచీపుర్లు, అల్లం, అడ్డాకు కట్ట, ఇవి ఈ వారం పార్వతీపురంలో, రాయగడలో ఎంతకి కొన్నారో వేయండి. మీ విలేకరులు సంతలకి ఎలాగూ తిరుగుతారు, ఇద్దరు ముగ్గురు వ్యాపారులను అడిగితే చాలు, మా కొట్టు ధర మేం ఫోటో తీసి పంపిస్తాం. కొండ ఊళ్లలో ఇప్పుడు హాస్టళ్లలో చదివిన పిల్లలు ఉన్నారు, కొందరికి తెలుగు చదవడం వచ్చు, చాలామంది చేతిలో ఫోను ఉంది, ఒక్కరు చదివితే ఊరంతా వింటుంది. అది చూసి మన ఇళ్లలో కొనేవాళ్లకి కూడా తెలుస్తుంది, సంతలో వంద రూపాయలకి అడుగుతున్న సరుకు అసలు ఎంత చేస్తుందో.

సంత బుధవారం. పేపరు మంగళవారం పొద్దున్న వస్తే సరిపోతుంది. ఆ పెట్టె వేసిన రోజు నుంచి ప్రతి మంగళవారం నాలుగు కాపీలు ఎక్కువ తీసుకుంటాం, ఒకటి మా కొట్టు గోడ మీద కాటా పక్కన అంటిస్తాం, మూడు సాయంత్రం ఆటోలో చాటికోన వెళ్తాయి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రాయగడ